ఎడమ మోకాలు

ఫిబ్రవరి 3, సోమవారం

నాలుగు రోజులు. మహా అయితే వారం. అంతకు మించి ఈ ఇంట్లో ఉండను.

ఇది ప్రార్థన మందిరం వాళ్ళు ఇల్లు లేనివాళ్ళ కోసం నడుపుతున్న ఇల్లు. నేను ఇల్లు లేనిదాన్ని కాను. నా హోటల్ అమ్మేశారు, అంతే. పదిహేనేళ్ళు అక్కడ హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేశాను. దుప్పటి మీద ఒక్క ముడత కనిపిస్తే మంచం మొత్తం మళ్ళీ వేయించేదాన్ని. హోటల్‌తో పాటు స్టాఫ్ క్వార్టర్లు కూడా పోయాయి. తర్వాత కొన్నాళ్ళు అన్నయ్య ఇంట్లో ఉన్నాం, నేనూ పాపా. వదిన ఒక్క మాట అనలేదు. గిన్నెలు మాత్రం గట్టిగా పెట్టేది. ఒకరోజు భోజనాల దగ్గర నేనే చెప్పేశాను, వేరే హోటల్లో ఉద్యోగం దొరికిందని, గదులు కూడా ఇస్తున్నారని, రంగులు వేస్తున్నారు కాబట్టి అవి ఆరేదాకా పాప ఇక్కడే ఉంటుందని. వదిన ఆ పూట నాకు తనే అడిగి అడిగి వడ్డించింది.

ఆ తర్వాత వారం బస్టాండులో ఉన్నాను. దాని గురించి రాయను.

ఇక్కడ మా గదిలో మంచాలు ఒకదాని మీద ఒకటి. నాది పైది. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి కానీ మడత తెలియనివాళ్ళు మడిచారు.

ఫిబ్రవరి 4, మంగళవారం

పొద్దున బాత్‌రూంలో ఒక ముసలాయన పానా పట్టుకుని కుళాయి విప్పుతున్నాడు. పక్క కుళాయి కూడా కారుతోంది, అదీ చూడండి, నీళ్ళన్నీ వృథా అవుతున్నాయి అన్నాను. సరేనమ్మా అని రెండూ బాగు చేశాడు. సాయంత్రం హాల్లో చూస్తే పెద్ద కుర్చీలో కూర్చున్నది ఆయనే. ఈ ఇంటికి పెద్ద. అందరూ అయ్యగారు అంటారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నన్ను చూసి, "ఇంకేమైనా కారుతున్నాయామ్మా?" అన్నాడు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. సాయంత్రం భోజనానికి ముందు అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి కోసం వాళ్ళు దేవుణ్ణి అడగకూడదు. ఎడమ పక్కన ఉన్నవాళ్ళ కోసం అడగాలి. ఏం కావాలో వాళ్ళనే ముందు కనుక్కోవాలి. మా ఆయన పోయినప్పటి నుంచి దేవుడికీ నాకూ మాటల్లేవు. ఆ మాటే అయ్యగారితో చెప్పాను.

"మాట్లాడకపోతే మానేయ్. పక్కావిడకి ఏం కావాలో అడిగి పైకి చెప్పు. మిగతాది దేవుడూ ఆవిడా చూసుకుంటారు" అన్నాడు.

నా కుడి పక్కన ఒక భారీ మనిషి. ఒకప్పుడు బస్సు కండక్టరు. అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తున్నారు. నా కోసం అడగాల్సింది ఆవిడ. వంగి నా చెవిలో, "చెప్పు, నీకేం కావాలి?" అంది.

"ఏమీ అక్కర్లేదండీ."

"ఎక్కడ దిగాలో చెప్పకపోతే టికెట్ ఎలా కొట్టను? ఏదో ఒకటి చెప్పు."

పాప సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరో తెలియని మనిషి, అంతమంది ముందు, నా కూతురు నా దగ్గర లేదని పైకి చదువుతుందా? చచ్చినా ఒప్పుకోను. అప్పుడే చాప మీద కూర్చున్నానేమో, మోకాలు టప్‌మంది. మోకాలి నొప్పి అన్నాను.

"ఏ మోకాలు?"

"ఎడమది."

తన వంతు రాగానే ఆవిడ కళ్ళు మూసుకుని, బస్సు చివరి సీటుదాకా వినిపించే గొంతుతో, "దేవా, ఈమె కొత్తగా వచ్చింది. మోకాలు నొప్పి. ఎడమది. కుడిది బాగానే ఉంది, దాని జోలికి పోవద్దు" అంది.

నాకు నవ్వు ఆగలేదు. దగ్గినట్టు నటించాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఎడమ. ఎడమ. గుర్తు పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నా మంచం మార్చారు. పై మంచం ఎక్కలేనని కింది మంచం ఇచ్చారు. తలగడ కింద ఎవరో నొప్పి మందు ట్యూబు పెట్టారు. వేణ్ణీళ్ళ సంచి వచ్చింది. హాల్లో అందరికీ చాపలు, నాకు కుర్చీ. కండక్టరమ్మ రోజూ అడుగుతోంది, ఒక్క రోజు మర్చిపోదు. "నిన్న ఇదే అడిగాను దేవా, ఇవాళ కూడా అదే" అంటుంది, డిపోలో సెలవు కోసం తిరుగుతున్నట్టు.

పనులు పంచారు. నాకు కూర్చునే పని ఇచ్చారు, దిండు గలీబులకు ఊడిన బొత్తాలు కుట్టడం. నేను, బొత్తాలు. సరే, నాలుగు రోజులకు గొడవ ఎందుకు?

ఫిబ్రవరి 9, ఆదివారం

పాపతో మాట్లాడాను. రంగులు ఇంకా ఆరలేదని చెప్పాను. "ఏం రంగమ్మా?" అని అడిగింది. లేత నీలం అన్నాను. "బావుంటుంది" అంది. అక్కడ బాగానే ఉందట. అత్తయ్య బాగానే చూసుకుంటోందట. అన్నీ బాగానే.

ఫిబ్రవరి 13, గురువారం

నా ఎడమ పక్కన కూర్చునే అమ్మాయి గురించి రాయాలి. దాన్ని నిద్రపిల్ల అంటారు. వచ్చినప్పటి నుంచి నిద్రే. హాల్లో కూర్చుని నిద్ర, కంచం ముందు నిద్ర. మొదట్లో సోమరిపోతు అనుకున్నాను. నా హోటల్లో అయితే రెండో రోజే పంపించేసేదాన్ని. దాని కోసం అడగాల్సింది నేనే కదా, ఏం కావాలే అంటే రోజూ ఒకటే మాట, "నిద్ర పట్టాలని చెప్పండి ఆంటీ." ఇంతకంటే నిద్ర ఎక్కడ పడుతుందమ్మా, ఇంకెవరికీ మిగల్చవా అన్నాను ఇవాళ. అప్పుడు చెప్పింది. రెండేళ్ళు వీధుల్లో ఉందట. అన్నాళ్ళూ పగలు ఏ మెట్ల మీదో కునుకు తీయడమే, రాత్రిళ్ళు కన్ను మూయలేదట.

బస్టాండులో నేను ఒక్క వారం ఉన్నాను. నాకు తెలుసు. ఆ తర్వాత దాన్ని ఏమీ అనలేదు.

సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు దాని నిద్ర సంగతి రెండుసార్లు అడిగాను. మొదటిసారి సరిగ్గా వినిపించలేదేమోనని.

ఫిబ్రవరి 19, బుధవారం

చేతులు దురద పెడుతున్నాయి. కింద లాండ్రీ ఉంది, ఈ ఇల్లు నడిచేది దాని మీదే. ఆసుపత్రుల నుంచి, లాడ్జీల నుంచి దుప్పట్లూ తువ్వాళ్ళూ వస్తాయి. పెద్ద యంత్రాలు, ఆవిరి ఇస్త్రీ, అంతా ఉంది. ఇవాళ బొత్తాల దారం కోసం వెళ్ళి చూశాను. దుప్పటిని ఒక్కరే నేల మీద పరిచి మడుస్తున్నారు. ఉతికిన దుప్పటిని నేల మీద. నేను కుంటుకుంటూ బయటికి వచ్చేశాను. కుంటడం గుర్తుంది, అదొక్కటే నయం.

ఫిబ్రవరి 25, మంగళవారం

డాక్టరు వచ్చాడు. అక్కడ నొక్కాడు, ఇక్కడ నొక్కాడు. నొప్పి ఉందా అంటే ఉందన్నాను. ఇక్కడ ఉండకూడదే అన్నాడు. అయితే అక్కడే అన్నాను.

నాలుగు రోజులని రాసిన పేజీ మీద చేయి పడింది. తిప్పేశాను.

మార్చి 1, శనివారం

అన్నయ్య ఫోన్ చేశాడు. ఉద్యోగం వేరే ఊరికి మారింది. ఈ నెల ముప్ఫైన ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం. "నీ గదులు సిద్ధమైతే పాపని నీ దగ్గర దింపుతాం. లేకపోతే మాతో తీసుకెళ్తాం, అక్కడే బడిలో వేస్తాం. నువ్వేం కంగారు పడకు" అన్నాడు. మంచివాడు మా అన్నయ్య. ఆ మంచితనమే నన్ను భయపెట్టింది.

అంత దూరం వెళ్తే పిల్ల ఇక నాకు దక్కదు. ఏడాదికోసారి చుట్టంలా వస్తుంది. ముప్ఫైలోగా నాకో గది కావాలి. తలుపున్న గది, పాప పుస్తకాలు పెట్టుకునే గది. ఇంకేమీ వద్దు.

మార్చి 3, సోమవారం

లాండ్రీ చూసుకునే పెద్దావిడ ఈ నెలాఖరున తన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ ఉద్యోగానికి జీతంతో పాటు లాండ్రీ పైన రెండు గదులు. కిటికీలు రోడ్డు వైపు. పాపకు ఒకటి, నాకు ఒకటి. అయ్యగారు ఆ మాట చెప్పగానే నేను లేచి నిలబడబోయాను. ఈ ఇంట్లో ఆ ఉద్యోగం చేయగల మనిషి నేను కాక ఇంకెవరున్నారు?

అయ్యగారు నా వైపే చూసి, "నువ్వే సరైనదానివమ్మా. హోటల్లో అన్నేళ్ళు చేశావు. కానీ రోజంతా నిలబడే పని, పైగా ఆ మెట్లు. ఆ మోకాలితో నిన్ను అంత కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు. బయటి నుంచి ఎవరినైనా చూస్తాను" అన్నాడు.

పక్కనుంచి కండక్టరమ్మ నా భుజం నిమిరింది. "బాధపడకు, నేను అడుగుతూనే ఉన్నాగా."

మార్చి 4, మంగళవారం

బాగా ఆలోచించాను. నొప్పి ఉందనడం అబద్ధం. నొప్పి లేదనడం అబద్ధం కాదు, నిజంగానే లేదు కదా. కాబట్టి ఇవాళ్టి నుంచి నిజమే చెప్తాను.

సాయంత్రం కండక్టరమ్మ వంగి, "ఎలా ఉంది?" అంది.

"పోయింది."

"ఏది పోయింది?"

"నొప్పి. పొద్దున లేచేసరికి లేదు."

కుర్చీలోంచి లేచి, చాప మీద కూర్చుని, మళ్ళీ దేన్నీ పట్టుకోకుండా లేచి చూపించాను. సరే అని ఊరుకుంటుంది, మహా అయితే నవ్వుతుంది అనుకున్నాను. ఆవిడ ఏడ్చింది. అంత మనిషి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. తర్వాత లేచి నిలబడి అందరికీ చెప్పింది. "నేను అడిగాను. ఒక్క రోజు కూడా మానలేదు. జీవితంలో ఏదీ నేను అడిగినట్టు జరగలేదు, ఇది జరిగింది" అంది. చప్పట్లు కొట్టారు. నిద్రపిల్ల కూడా మేలుకుని కొట్టింది.

అయ్యగారు మెట్లెక్కి దిగమన్నాడు. ఎక్కి దిగాను, పరుగు లాంటి నడకతో. ఆయన నన్ను కాసేపు చూసి, "మంచిదమ్మా. అయితే రేపటి నుంచి లాండ్రీకి వెళ్ళు. పని నేర్చుకో. పెద్దావిడ వెళ్ళగానే గదులు నీకే" అన్నాడు.

అయిపోయింది. ఇంత సులువు.

మార్చి 8, శనివారం

లాండ్రీ నా చేతికి వచ్చింది. నేల మీద మడవడం బంద్. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి, కొసకు కొస కలపాలి, గాల్లోనే మడత పడాలి. నాకు జోడీగా నిద్రపిల్లను పెట్టుకున్నాను. దుప్పటి రెండు కొసలు చేతిలో ఉంటే మనిషికి నిద్ర రాదు, ఎదుటివాళ్ళు లాగుతుంటారు కదా. ఇవాళ అదే నన్ను కోప్పడింది, "ఆంటీ, మీ కొస జారింది" అని. ఎంత సంతోషమేసిందో.

పాపకు చెప్పాను, రంగులు ఆరాయి, నెలాఖరుకి రావచ్చని. "నిజంగానా?" అంది. ఆ ఒక్క మాట చాలు నాకు.

మార్చి 13, గురువారం

కండక్టరమ్మ గ్లాసు పట్టుకోలేకపోయింది. సాయంత్రాలు ఆవిడ తన కోసం అడిగించుకునేది బీపీ తగ్గాలనే. బిళ్ళలు వేసుకున్నావా అంటే, "మానేశాను" అంది ధీమాగా.

"ఎప్పటి నుంచి?"

"నీ మోకాలు బాగైన రోజు నుంచి. నీ మోకాలు తగ్గించినాయనకి నా బీపీ ఒక లెక్కా? ఒక పక్క అడిగిస్తూ ఇంకో పక్క బిళ్ళలు మింగితే నమ్మనట్టు కాదూ?"

బిళ్ళలు వేసుకోమని బతిమాలాను. డాక్టరు మాట చెప్పాను. కోప్పడ్డాను. "నువ్వే ఇలా అంటే ఎలా? అందరికంటే ముందు నమ్మాల్సింది నువ్వు కదా" అంది.

ఒక్క మాట చెప్తే ఆవిడ బిళ్ళలు వేసుకుంటుంది. ఆ ఒక్క మాట చెప్తే నా రెండు గదులు పోతాయి.

మార్చి 14, శుక్రవారం

రేపు చెప్తాను.

మార్చి 15, శనివారం

ఆసుపత్రి దుప్పట్లు రెండు బండ్లు వచ్చాయి. తీరిక లేదు.

మార్చి 16, ఆదివారం

ఇవాళ ఆదివారం. అందరూ సంతోషంగా ఉన్నారు. కండక్టరమ్మ మొహం కూడా తేటగానే ఉంది. కాస్త ఎర్రగా ఉంది, అంతే. ఎండ కావచ్చు. రేపు తప్పకుండా.

మార్చి 17, సోమవారం

పొద్దున లాండ్రీ గుమ్మం దగ్గర గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. నన్ను చూసి ఏదో అనబోయింది, మాట ముద్దగా వచ్చింది. నేనూ నిద్రపిల్లా దుప్పటి కొసలు పట్టుకుని, ఆవిడను అందులో పడుకోబెట్టి బండిదాకా మోశాం. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు తెలియకుండానే దేవుడితో మాట్లాడేశాను. ఇన్నేళ్ళ తర్వాత. అడిగింది నా కోసం కాదు కాబట్టి మొహమాటం వేయలేదు. ఈవిడను బతకనియ్యి, గదులు నువ్వే ఉంచుకో అన్నాను.

మధ్యాహ్నానికి మాట తేలికపడింది. పెద్ద గండమే, తప్పిందన్నారు. ఇంకొక్క రోజు బిళ్ళలు లేకపోతే చెప్పలేమన్నారు. ఆవిడ మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. మోకాలు ఎప్పుడూ నొప్పి పెట్టలేదు. తగ్గనూ లేదు. అదంతా నేను చెప్పిన అబద్ధం.

ఆవిడ పైకప్పు చూస్తూ, "మరి ఇన్నాళ్ళూ నేను ఎవరి కోసం అడిగినట్టు?" అంది.

నర్సు బిళ్ళ తెచ్చింది. ఆవిడ నా వైపు చూడకుండా మింగి, గోడ వైపు తిరిగింది.

అక్కడి నుంచి తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. కిటికీ చట్రానికి మేకు కొడుతున్నాడు. అంతా విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "చెప్పకుండా ఉండుంటే గదులు నీవే కదమ్మా" అన్నాడు.

"తెలుసు."

"లాండ్రీలో పని మానకు, నువ్వు లేకపోతే అది నడవదు. గదుల మాట మాత్రం నేను ఒక్కణ్ణే చెప్పలేను. నీ కోసం రోజూ అడిగిన మనిషిని అడగాలి. ఆవిడ సరే అంటే నాకు అభ్యంతరం లేదు."

మార్చి 20, గురువారం

కండక్టరమ్మ తిరిగొచ్చింది. హాల్లో అవతలి వైపు వెళ్ళి కూర్చుంది. నా కుడి పక్కన చాప ఖాళీ. నా కోసం అడిగేవాళ్ళు లేరు. అందరి వంతూ అయింది. తర్వాత భోజనానికి లేచారు.

ఏమీ కాలేదు. పని చాలా ఉంది. తువ్వాళ్ళు కొత్త పద్ధతిలో చుట్టిస్తున్నాను.

మార్చి 22, శనివారం

ఇవాళ కూడా ఖాళీనే. ఏమీ కాలేదని మొన్న రాశాను. అయింది. చాలా అయింది.

మార్చి 23, ఆదివారం

ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటే కండక్టరమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. మూతి ముడుచుకునే ఉంది. "ఆ మొదటి రోజు మోకాలు కాకపోతే ఏం అడగమనేదానివి?" అంది.

చెప్పాను. పాప, అన్నయ్య, ముప్ఫయ్యో తేదీ, రంగులు, బస్టాండు, అన్నీ. రాయను అన్నది కూడా చెప్పేశాను. చెప్తుంటే నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది, గలీబు మాడింది.

"కూతురు కావాలని చెప్పడానికి అంత సిగ్గేంటే?"

"సిగ్గు కూతురు కావాలన్నందుకు కాదు. నా దగ్గర లేదన్నందుకు."

ఆవిడ మాడిన గలీబు తీసి మడవడం మొదలెట్టింది, తప్పుగానే. "నాకో కొడుకున్నాడు. ఇల్లు అమ్ముకుని ఎటో వెళ్ళిపోయాడు. బతికున్నాడో లేదో తెలీదు. ఇక్కడికొచ్చి రెండేళ్ళు. రోజూ నా పక్కవాళ్ళు అడిగితే బీపీ అనే చెప్పా" అంది.

ఇద్దరం కాసేపు ఏడ్చాం. నేను ముందు ఆపాను, గలీబు సరిగ్గా మడిచి చూపించాలి కదా.

సాయంత్రం వచ్చి తన చాప మీద కూర్చుంది. వంతు రాగానే అదే గొంతు. "దేవా, ఎడమ మోకాలి సంగతి వదిలెయ్, అది పొరపాటున వచ్చిన అర్జీ. ఈమెకి ఒక కూతురుంది. ముప్ఫయ్యో తేదీలోగా ఆ పిల్ల తల్లి దగ్గరికి రావాలి. అయ్యగారూ, గదుల మాట నన్నడిగారు కదా, ఇచ్చెయ్యండి. దేవుడికి కూడా కాస్త పని తగ్గుతుంది."

నా వంతులో నిద్రపిల్ల కోసం అడిగాను, ఆ తర్వాత కండక్టరమ్మ కొడుకు కోసం కూడా అడిగాను. ఒకరు ఇద్దరి కోసం అడగకూడదని పద్ధతి. అయ్యగారు వినిపించుకోనట్టు ఊరుకున్నాడు.

మార్చి 24, సోమవారం

గదుల తాళం చెవి నా చేతిలో ఉంది.

పాపకు ఫోన్ చేశాను. హోటల్ లేదు, రంగులు లేవు, ఇక్కడ ఉంటున్నాను అని చెప్పాను. ఉద్యోగం మాత్రం ఇప్పుడు నిజం, గదులు నిజం అన్నాను. "నేను స్నేహితులందరికీ లేత నీలం గది అని చెప్పాను" అంది. ఫోన్ పెట్టేసింది.

మార్చి 25, మంగళవారం

ఫోన్ ఎత్తలేదు. పరీక్షలు కదా.

మార్చి 26, బుధవారం

ఎత్తలేదు. పరీక్షలు పోయిన వారమే అయిపోయాయి, నాకు తెలుసు.

మార్చి 27, గురువారం

వదిన ఎత్తింది. "పాప మాతోనే వస్తానంటోంది. ఆదివారం సామాను బండితో బయల్దేరుతున్నాం. దారిలో నీ దగ్గర ఆగి పాపని చూపించి వెళ్తాం. మీ అన్నయ్య మాట అది" అంది. తర్వాత కాస్త తగ్గి, "మా ఇంట్లో ఉండలేకపోయావని నాకు తెలుసు. నేనూ అలా ఉండకుండా ఉండాల్సింది" అంది.

వదిన నోట ఆ మాట వింటానని అనుకోలేదు. దానికి సంతోషించే ఓపిక మాత్రం ఇవాళ లేదు.

మార్చి 29, శనివారం

పెద్దావిడ వెళ్ళింది. గదులు కడిగాను. ఎండాక మళ్ళీ కడిగాను. పాప మంచం వేశాను. జీవితంలో కొన్ని వేల మంచాలు వేసి ఉంటాను. ఇవాళ దుప్పటి కొసలు నాకు కుదరలేదు. నిద్రపిల్ల వచ్చి సరిచేసింది.

మార్చి 30, ఆదివారం

పొద్దున్నే సామాను బండి వచ్చి గేటు ముందు ఆగింది. ఇంటెడు సామాను, పైన తాడు. ముందు సీట్లో అన్నయ్య, వదిన, పాప. పాప దిగింది. పొడుగైంది. నా వైపు రాకుండా మెట్ల వైపు వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. రెండు గదులూ చూసింది. గోడలు చూసింది, సున్నం అక్కడక్కడా లేచిపోయింది. కిటికీ తెరిచి రోడ్డు చూసింది. మంచం మీద కూర్చోలేదు.

"అక్కడ నాకు బాగానే ఉంటుందిలే అమ్మా. అత్తయ్య బాగానే చూసుకుంటుంది" అంది.

అన్నీ బాగానే. ఈ గొంతు నాకు తెలుసు. నా గొంతే అది. ఏమీ అక్కర్లేదండీ అన్న గొంతు. ఇన్నాళ్ళూ ఫోన్లో వింటూ నమ్మాను, నాకు నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి.

"నాకు బాగోలేదు" అన్నాను. "నువ్వు లేకుండా ఒక్క రోజు కూడా నాకు బాగోలేదు. బస్టాండులో బాగోలేదు, ఇక్కడ మొదట్లో బాగోలేదు. ఈ గది నీ కోసమే సంపాదించాను. నువ్వు వెళ్తానంటే ఆపను. కానీ బాగోలేదని మాత్రం చెప్పకుండా పంపను."

పాప కిటికీ వైపే చూస్తోంది. "అక్కడ నేను హాల్లో పడుకునేదాన్ని" అంది. "అందరూ పడుకున్నాక పక్క వేసుకోవాలి, వాళ్ళు లేచేలోపు తీసెయ్యాలి. నీకు చెప్తే నువ్వు మళ్ళీ ఏదైనా కంగారు పడి చేస్తావని చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పావుగా."

"ఇంకేమైనా అబద్ధాలున్నాయా?"

"గుర్తున్నవన్నీ అయిపోయాయి."

నవ్వలేదు, కానీ మూతి కొంచెం కదిలింది. అది వాళ్ళ నాన్న పోలిక. కిటికీలోంచి తల బయట పెట్టి, "మావయ్యా, నా పెట్టె దించు" అని అరిచింది.

పెట్టె బండిలో అన్నిటికంటే అడుగున ఉంది. మొదట ఎక్కించింది దాన్నే అట. తాడు విప్పాల్సి వచ్చింది. బీరువా దించాల్సి వచ్చింది, మంచాలు, కుర్చీలు, వదిన గిన్నెల మూటలు. మా ఇంట్లో వాళ్ళందరూ రోడ్డు మీదికి వచ్చేశారు. కండక్టరమ్మ బరువు ఎత్తకూడదు కాబట్టి మధ్యలో నిలబడి, "అమ్మా, వెనక్కి జరగండి, వెనక ఖాళీ ఉంది" అని అందరినీ నడిపించింది. అయ్యగారు బీరువా ఒక కొస పట్టుకున్నాడు. అన్నయ్య ఇంటి సామానంతా ఎండలో, వీధి పొడుగునా.

చివరికి పెట్టె కనిపించింది. చిన్న పెట్టె. నేనే కొన్నాను దాన్ని. పాపా నేనూ చెరో పక్కా పట్టుకుని మెట్లెక్కాం. మధ్యలో పాప ఆగింది. "అమ్మా, నీకు బరువుగా ఉందా?"

"ఉంది" అన్నాను.

"అయితే నావైపు వంచు" అంది.